కుంపటికీ ఊపిరి కావాలి



జనవరి నెల వచ్చిందంటే మా ఆబిడ్స్, నాంపల్లి వీధులకు రెండు గుర్తులు. ఒకటి నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుండి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరుగుతున్న ఈ ప్రదర్శనకు ఊరు ఊరంతా కదిలి వస్తుంది. రెండవ గుర్తు చలి. మన హైదరాబాదు చలి ఉత్తరాది చలి వంటిది కాదు. 1946 జనవరిలో ఇక్కడ 6.1 డిగ్రీలకు దిగిందని వాతావరణ శాఖ లెక్కల్లో ఉన్నది గాని, మామూలు సంవత్సరాల్లో అంత దూరం పోదు. అయినా ఎండకు అలవాటుపడిన ఒళ్ళు గనుక ఆ మాత్రం చలికే మనం మఫ్లర్లు చుట్టుకుంటాం, తలుపులు బిగించుకుంటాం, కిటికీలు మూసుకుంటాం.

ఈ నెల మేము వ్రాయబోయేది అలా మూసిన ఒక కిటికీని గూర్చి. వ్రాయడానికి కొంత సిగ్గుగానే ఉన్నది. ఎందుకంటే ఆ కిటికీ మూసిన చేతుల్లో మా చేయి కూడా ఉన్నది.

ఏడెనిమిది సంవత్సరాల క్రిందటి సంగతి. నాంపల్లి స్టేషను వెనుక ఒక గల్లీలో మా సంఘానికి చెందిన ఒక కుటుంబం ఉన్నది. ఇంటి పెద్ద ఒక ప్రెస్సులో బైండింగు పని చేసేవాడు. పెద్ద కూతురు మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పదకొండవ రోజున పిల్లను చూచి ప్రార్థన చేసి వద్దామని మేమూ, మా సతీమణీ ఆబిడ్స్ నుండి నడుచుకుంటూ వెళ్ళాము.

బాలింతను ఉంచిన గది పది అడుగుల గది. ఒక తలుపు, ఒక కిటికీ, పైన స్లాబు. నులకమంచం మీద బాలింత, చెవుల్లో దూది, తలకు గుడ్డ. పక్కన ఉయ్యాలలో పసిబిడ్డ. మంచం క్రింద ఇనుప కుంపటిలో కర్రబొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. మీద చిటికెడు సాంబ్రాణి. పాలమూరు పల్లె నుండి వచ్చిన అమ్మమ్మ దగ్గరుండి అన్నీ చూచుకుంటున్నది. ఆ గదిలోకి అడుగుపెట్టగానే హాయిగా, వెచ్చగా అనిపించింది. చిన్నప్పుడు మా ఇంట్లో చూచిన బాలింత గదులు గుర్తుకు వచ్చాయి.

ఆ కిటికీ రెక్క ఒకటి వంకరపోయి, వేలు దూరేంత సందు ఉన్నది. అమ్మమ్మ మాతో అన్నది: "అయ్యగారూ, ఆ సందుల నుంచి గాలి కొడుతున్నది. బాలింతకు గాలి తగిలితే మంచిది కాదు."

కిటికీ పక్కన నిలుచున్నది మేమే. బైండింగు కాగితాల ముక్కలు అక్కడే గూట్లో ఉన్నాయి. ఒక కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి ఆ సందులో గట్టిగా దూర్చాము. "ఇక ఫరవాలేదమ్మా" అన్నాము. మా సతీమణి మాత్రం తలెత్తి గోడ పైభాగాన ఉన్న రోషన్‌దాన్ వైపు చూచింది. దానికీ పాత గుడ్డ కుక్కి ఉన్నది. ఏదో అనబోయి ఊరుకున్నది. పెద్దవాళ్ళున్న చోట మనమేమి చెప్తాములే అనుకున్నానని తరువాత చెప్పింది. ప్రార్థన చేసి, చాయ్ త్రాగి, సంతోషంగా ఇంటికి వచ్చాము.

నాలుగవ రోజు రాత్రి పదకొండు గంటలకు ఫోను మ్రోగింది. ఆ ఇంటి పెద్ద గొంతు వణుకుతున్నది. "అయ్యగారూ, మా బిడ్డ తీరు మంచిగ లేదు. గాలి సోకినట్టున్నది. మీరు జల్ది వచ్చి ప్రార్థన చెయ్యాలె."

మన తెలుగులో గాలి అంటే రెండు భయాలు. ఒకటి వీచే గాలి, రెండవది పట్టే గాలి. మొదటి గాలికి భయపడి వాళ్ళు కిటికీ మూసుకున్నారు. రెండవ గాలికి భయపడి మమ్మల్ని పిలిచారు.

ఆటోలో వెళ్ళేదారిలో సంగతులు తెలిశాయి. మూడు రోజులుగా ఆ అమ్మాయికి తెల్లవారి లేచేసరికి తలనొప్పి. వావిలాకు నీళ్ళ స్నానానికి బయటికి వస్తే కొంచెం తేలిక. మళ్ళీ రాత్రికి అదే నొప్పి. ఆ రోజు సాయంత్రం నుండి వాంతులు. మాట తడబడుతున్నది, పిలిస్తే పొంతన లేని జవాబులు, నిలబెడితే కాళ్ళు నిలవడం లేదు. జ్వరం మాత్రం లేదు.

గదిలోకి వెళ్ళాము. మా వెనుకనే తలుపు వేశారు. పొగ లేదు. కళ్ళు మండడం లేదు. సన్నని సాంబ్రాణి వాసన తప్ప మరో వాసన లేదు. ఇంటివాళ్ళూ మేమూ కలిసి ఏడుగురం ఆ చిన్న గదిలో మోకరించి ప్రార్థన మొదలుపెట్టాము. ఒక ఇరవై నిమిషాలు గడిచేసరికి మా కణతలు బరువెక్కాయి. మా సతీమణి మా చేయి పట్టుకొని, "తల తిరుగుతున్నదండీ" అన్నది. దాచకుండా చెప్పాలంటే, దానిని మేము ప్రార్థనలో జరిగే పోరాటం అనుకున్నాము. ఇంకా గట్టిగా ప్రార్థించాము.

అంతలో తలుపు త్రోసుకొని పక్క వాటాలో ఉండే పెద్దాయన వచ్చాడు. నాంపల్లి స్టేషను దగ్గరి ఒక చాయ్ హోటల్లో ముప్పై ఏండ్లు బట్టీ దగ్గర పనిచేసిన మనిషి. మా సంఘంవాడు కాడు. గడపలో నిలబడి ఒక్కసారి మంచం క్రిందికి చూచాడు, ఒక్కసారి కిటికీ వైపు చూచాడు.

"అయ్యగారూ, ప్రార్థన బయట చేద్దురు గాని. ముందుగాల తల్లిని, పిల్లను వాకిట్లకు తీసుకరాండ్రి. కుంపటికి గూడ ఊపిరాడాలె గద. దానికి ఊపిరి దొరకకుంటె అది మన ఊపిరి తీస్తది."

ఆయనే లోపలికి వచ్చి కిటికీ సందులోని కాగితం పీకి పారేసి రెక్కలు రెండూ బార్లా తెరిచాడు. తడిగుడ్డతో కుంపటి చెవులు పట్టుకొని వాకిట్లో పెట్టాడు. మేము బాలింతను ఎత్తుకొని బయట బల్ల మీద పడుకోబెట్టాము. మా సతీమణి పసిబిడ్డను శాలువాలో చుట్టుకొని బయటికి తెచ్చింది. చల్లగాలి ముఖాన కొట్టింది. కొన్ని నిమిషాలకు ఆ పసిబిడ్డ సన్నగా, ఆ తరువాత గట్టిగా ఏడ్చింది.

ఆ ఏడుపు వినేదాకా, ఇంత గొడవలో ఆ పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. ఈ మాట వ్రాస్తుంటే ఇప్పటికీ మా చేయి వణుకుతుంది.

ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము. అక్కడి చిన్న వయస్సు డాక్టరమ్మ మా కథంతా వినలేదు. ఒక్కటే ప్రశ్న అడిగింది: "పడుకున్న గదిలో ఏమైనా మండుతున్నదా?" అవునన్నాము. వెంటనే తల్లికీ బిడ్డకూ ఆక్సిజన్ పెట్టారు. దేవుని దయవలన ఇద్దరూ కోలుకొని ఇంటికి వచ్చారు. అది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అని ఆమె వివరించింది. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట కూడా పెట్టదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే తొందరగా వదలదు. మామూలు గాలి పీలుస్తూ ఉంటే దానిలో సగం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. పూర్తి ఆక్సిజన్ పెడితే అదే పని గంట, గంటన్నరలో జరుగుతుంది. పసివాళ్ళు పెద్దవాళ్ళకంటె త్వరత్వరగా ఊపిరి తీస్తారు గనుక వాళ్ళకు విషం తొందరగా ఎక్కుతుంది.

వారం తరువాత ఆ పెద్దాయనకు కృతజ్ఞతలు చెప్పడానికి వెళ్ళాము. ఆయన తన బట్టీ విద్య మాకు నేర్పాడు. "బట్టీకి కింద నోరు ఉండాలె, మీద ముక్కు ఉండాలె. కింది నుంచి గాలి పోవాలె, మీది నుంచి పొగ పోవాలె. రెండిట్ల ఏది మూసినా బట్టీ సచ్చిపోతది, లేకుంటె మనిషిని సంపుతది." మేము చదివిన వేదాంత డిప్లొమాలో ఈ పాఠం లేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగవేసి, తెలిసినవారిని అడిగి చూస్తే, ఆయన చెప్పినదంతా నిజమేనని తేలింది.

ఒక కిలో కర్రబొగ్గు పూర్తిగా కాలాలంటే సుమారు 9 ఘనపు మీటర్ల గాలిలోని ప్రాణవాయువు కావాలి. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో ఉన్న గాలి మొత్తం 28 ఘనపు మీటర్లు. అంటే మంచం క్రింది కుంపటి, మంచం మీది తల్లి, ఉయ్యాలలోని బిడ్డ, ముగ్గురూ ఒకే గిన్నెలోనిది పంచుకుంటున్నారన్న మాట. అందులో పెద్ద వాటా కుంపటిదే. అయితే గాలి అయిపోయేదాకా ఆగనక్కరలేదు. బొగ్గు గుట్ట అడుగున గాలి తగిలి పుట్టిన బొగ్గుపులుసు వాయువు, పైనున్న ఎర్రని నిప్పుల మధ్య నుండి వచ్చేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. కుంపటి మీద ఒక్కొక్కసారి నీలి మంట ఆడుతుంది చూడండి, అది ఈ విషవాయువు కాలుతున్న మంటే. మంట ఆరిపోయి నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు అది కాలకుండా గదిలోకి వస్తుంది. పొగ లేదు గనుక ప్రమాదం లేదనుకుంటాం. అసలు ప్రమాదం అప్పుడే.

అమ్మమ్మ మాత్రం మాతో వాదించింది. "మా అమ్మ పెట్టింది, నేను నలుగురికి పెట్టిన. ఎన్నడన్న ఏమన్న అయ్యిందా?" ఆమె మాటలో అబద్ధం లేదు. ఆమె కాన్పులు జరిగిన ఇంటికి గూనపెంకుల కప్పు. పెంకుకూ పెంకుకూ మధ్య సందు. తలుపుకూ గడపకూ మధ్య సందు. వంటింట్లో పొగ పోవడానికి కప్పులో చిల్లు. ఎవరూ పెట్టకుండానే ఆ ఇంటికి పైన ముక్కు ఉన్నది. మా ఆబిడ్స్‌లోని పాత కట్టడాలకు కూడా ఎత్తైన పైకప్పులు, తలుపుల మీద రోషన్‌దాన్‌లు ఉంటాయి. ఇప్పుడు పెంకుల చోట స్లాబు వచ్చింది. రోషన్‌దాన్‌లో ఏసీ పెట్టి మిగిలిన సందులు సిమెంటుతో మూశాము. కిటికీలకు జారుడు అద్దాలు బిగించాము. ఆచారం పాతది, ఇల్లు క్రొత్తది. అమ్మమ్మ తప్పు చేయలేదు. ఇల్లు మారిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మేము కాగితం దూర్చి వచ్చాము.

లేఖనాలలో కూడా రెండు నిప్పులున్నాయి. రాజైన యెహోయాకీము శీతకాలపు నగరిలో కుంపటి ముందు కూర్చున్నాడు. పేతురు చలికి తాళలేక ప్రధానయాజకుని ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర నిలిచాడు. ఎన్నోమార్లు ఆ భాగం మీద ప్రసంగించాము గాని, ఆ మంట ముంగిట్లో, ఆకాశం క్రింద ఉన్నదన్న సంగతి మేము గమనించింది ఈ సంఘటన తరువాతనే.

ఇది చదువురాని పల్లెవాళ్ళకు మాత్రమే జరిగే ప్రమాదం అనుకోకండి. ఫ్రాన్సు దేశపు సుప్రసిద్ధ నవలా రచయిత ఎమిలీ జోలా 1902 సెప్టెంబరులో పారిస్‌లోని తన ఇంట్లో, పొయ్యి పొగగొట్టం మూసుకుపోయి, ఈ విషవాయువు వల్లనే చనిపోయాడు. అదే గదిలో ఉన్న భార్య బ్రతికి బయటపడింది. 2020 జనవరిలో మన కేరళ నుండి నేపాల్ యాత్రకు వెళ్ళిన ఎనిమిది మంది, వారిలో నలుగురు పిల్లలు, దామన్ అనే కొండ ఊరిలో ఒక వసతి గదిలో చలికి తలుపులు, కిటికీలు అన్నీ బిగించి గ్యాస్ హీటరు వేసుకొని పడుకున్నారు. తెల్లవారి ఎవరూ లేవలేదు. చదువు, ఉద్యోగం అన్నీ ఉన్నవాళ్ళే. గదిలోకి గాలి రావడానికి దారి మాత్రం లేదు.

మా ప్రాంతంలో ఇప్పుడు కుంపట్లు తగ్గాయి. వాటి చోట స్నానాల గదిలోకి గ్యాస్ గీజరు వచ్చింది. పేరు మారింది గాని సంగతి ఒకటే. ఒక కిలో వంటగ్యాసు పూర్తిగా మండడానికి 12, 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న స్నానాల గదిలో ఉండే గాలి మొత్తం 8 ఘనపు మీటర్లే. లోపల గొళ్ళెం పెట్టుకొని, చలిగాలి వస్తుందని వెంటిలేటరు మూసి, గీజరు వెలిగించి పిల్లలు అరగంట స్నానం చేస్తే ఏమవుతుందో లెక్క మీరే వేయండి.

కాబట్టి కుటుంబాలకు మేము మనవి చేసే సంగతులు కొన్ని. పడుకునే గదిలోకి నిప్పుల కుంపటి తేవద్దు. బూడిద కప్పిన నిప్పులైనా సరే, సాంబ్రాణి కోసమైనా సరే. కిటికీ కొంచెం తెరిచాము గదా అని ధైర్యపడి నిప్పు పక్కన నిద్రపోవద్దు. గదిలోకి వెచ్చదనం తేవాలి గాని నిప్పు తేకూడదు. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి దుప్పటి కప్పితే అంతకు మించిన కుంపటి లేదు. తల్లికి మందపు రగ్గు, కాళ్ళకు మేజోళ్ళు, గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సంచి చాలు. ఆ సంచి తల్లికే, పసిబిడ్డకు ఆనించవద్దు. పగలు ఎండ వచ్చే గది ఇవ్వండి.

గ్యాస్ గీజరు ఉంటే స్నానాల గది బయట పెట్టించండి. దాని పొగగొట్టం ఇంటి బయటికి పోవాలి. అది ఉన్న చోట క్రింద ఒకటి, పైన ఒకటి, ఎప్పటికీ మూయని రంధ్రాలు ఉండాలి. అంతవరకు బకెట్టు నింపుకొని, గీజరు ఆర్పి, తలుపు కాసేపు తెరిచి ఉంచి, ఆ తరువాతే స్నానం చేయండి. ఈ వాయువును పసిగట్టి గంట మ్రోగించే చిన్న యంత్రాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. నుమాయిష్‌లో కొనే ఒక స్వెటరు మానుకొని అయినా అటువంటిది కొనడం మంచిది.

గుర్తులు కూడా తెలిసి ఉండాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కడుపులో త్రిప్పట, మత్తు, జ్వరం లేదు, బయటికి వస్తే తేలిక, లోపలికి వెళ్తే మళ్ళీ బరువు. ఇలా ఉంటే అది గాలి సోకడం కాదు, గాలి లేకపోవడం. మొదట అందరూ బయటికి రావాలి. తరువాత 108కి ఫోను చేయాలి. గదిలో నిప్పు ఉన్నదని డాక్టరుకు తప్పక చెప్పాలి. 2020 కరోనా తరువాత చాలా ఇళ్ళలో వ్రేలికి పెట్టుకునే ఆక్సీమీటరు ఉన్నది. ఈ విషయంలో దానిని నమ్మవద్దు. విషవాయువు పట్టిన రక్తాన్ని కూడా అది మంచి రక్తమనే లెక్కవేస్తుంది. మనిషి పడిపోతున్నా 98 చూపించగలదు.

ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళుతున్నది. ఆదివారం ఉదయం గుడిలో ముందు వరుసలో కూర్చొని, మేము ప్రసంగం పొడిగిస్తే ఆవలిస్తుంది కూడా. ఆ ఆవలింత చూచినప్పుడల్లా మాకు సంతోషమే.

ఇప్పుడు చలికాలంలో ఏ ఇంటికి వెళ్ళినా మేము కూర్చోకముందే గోడ పైభాగం వైపు చూస్తాము. మా సతీమణి ఇప్పుడు ఊరుకోదు. పెద్దవాళ్ళున్నా సరే, "అమ్మా, ఆ గుడ్డ తీసేయండి" అని నోరు తెరిచి చెప్తుంది. కొందరు నవ్వుతారు. అయ్యగారు ప్రార్థనకు వచ్చారా, ఇల్లు కొనడానికి వచ్చారా అంటారు. అననివ్వండి. ప్రార్థన మానుకోమని మేము ఎవరికీ చెప్పడం లేదు. కిటికీ తెరిచి ప్రార్థించమని చెప్తున్నాము.

ఈ పత్రిక మీ చేతికి వచ్చేనాటికి చలి ఇంకా ఉంటుంది. ఈ రాత్రి దీపం ఆర్పకముందు మీ ఇంట్లో ఏ గదిలో ఏది మండుతున్నదో, దానికి గాలి ఎటునుండి వస్తున్నదో, పొగ ఎటు పోతున్నదో ఒక్కసారి లేచి చూడండి. ఏ సందులోనైనా కాగితం దూర్చి ఉంటే, దయచేసి తీసివేయండి.